తప్పు చేయుటకొక ఏకాంతము

పాఠశాలకు వెళ్లిన ప్రతి మనిషియు, తెలియని దానిని తెలియదని చెప్పుట నేర్చుకొనుటకు పూర్వమే, తెలిసినట్లు తల యూపుట నేర్చుకొనును. ఈ విద్యకు పాఠ్యప్రణాళిక లేదు, పరీక్ష లేదు, యోగ్యతాపత్రము లేదు. అయినను మూడవ తరగతికి చేరునప్పటికే పిల్లలెల్లరు దీనియందు నిష్ణాతులై యుందురు. ఉపాధ్యాయుడు నల్లబల్ల నుండి వెనుకకు తిరిగి, చేతికంటిన సుద్దపొడి దులుపుకొనుచు, "అర్థమైందా?" అని అడుగును, "అర్థమైంది సార్" అని గది యంతయు ఒక్క గొంతుతో పలుకును. ఆ ఒక్క గొంతులో ఎన్ని గొంతులు నిజము పలికినవో, ఎన్ని ప్రక్కవాని గొంతు వెంట పోయినవో తెలిసికొను ఉపాయము అడిగినవానికి లేదు. హైదరాబాదు నారాయణగూడ చుట్టుప్రక్కల బడులలో గణితము చెప్పుచు జీవితములో పెద్దభాగము గడపిన నాకు, ఉద్యోగవిరమణ తరువాత విద్యానగరులోని ఇంటి వరండాలో కూర్చున్నప్పుడు, చెప్పిన పాఠములకంటె ఈ బృందగానమే ఎక్కువగా చెవిలో మ్రోగుచుండును.

సిగ్గు అనునది చదువునకు ఎంతటి శత్రువో విద్యాశాస్త్రపు ఉద్గ్రంథములలో కంటె ఎనిమిదవ తరగతి గదిలో తేటగా కనబడును. ఐదవ తరగతిలో భిన్నముల కూడిక పట్టుబడని బాలుడు ఆరవ తరగతిలో దానిని అడుగుటకు జంకును. ఏడవ తరగతిలో అడిగినచో తోడివారు నవ్వుదురని యెంచును. ఎనిమిదవ తరగతిలో బీజగణితము ఎదురైనప్పుడు, హారములు వేరైన రెండు పదములను కూడుమన్నచో, లవమును లవముతో, హారమును హారముతో కూడి, లెక్క ముగిసినదని కలము మూసి కూర్చుండును. వాని లోపము మూడేండ్లనాటిది, వాని యెదుట నున్న పాఠము నేటిది. ఈ రెంటి నడుమ పడిన అగాధమును నలువదైదు నిమిషముల పీరియడులో, నలుబదిమంది సమక్షమున, పూడ్చుటకు గురువునకు వ్యవధి లేదు, శిష్యునకు ధైర్యము లేదు. ఇరువురును ఒక రహస్యపు ఒడంబడిక చేసికొన్నవారివలె ముందుకు సాగిపోవుదురు. పదవ తరగతి పరీక్షలు వచ్చువరకు ఆ ఒడంబడిక చెక్కుచెదరదు.

మా చిన్ననాట పలక యుండెడిది. దాని గొప్పతనమును గూర్చి ఆనాడెవ్వరును వ్యాసము వ్రాయలేదు గాని, అది చేసిన మేలు చిన్నది కాదు. దానిమీద వ్రాసిన తప్పును తడిగుడ్డతోనో, గుడ్డ లేనివారు అరచేతితోనో తుడిచివేసినచో, ఆ తప్పు లోకములో లేకుండ పోయెడిది. మాష్టారు వచ్చి చూచునప్పటికి చివరికి కుదిరిన సరియైన రూపమే కనబడెడిది. నోటుపుస్తకము వచ్చినది, తప్పు నిలిచిపోయినది. ఎర్రసిరా సున్న దానికి శాశ్వతత్వమును ప్రసాదించినది. అక్షరాభ్యాసము నాటి సరళమైన తప్పులకు తుడిచివేయు వసతి కల్పించి, సంక్లిష్టమైన తప్పులు పుట్టు ఉన్నతపాఠశాల వయస్సున ఆ వసతిని తొలగించుట ఎట్టి యుక్తియో నాకిప్పటికిని బోధపడలేదు. అందుచేత ట్యాబు అను ఈ గాజు తెర సెకండరీ తరగతులలోనికి వచ్చినదని విన్నప్పుడు, అది ఆ పోయిన పలక చోటున వచ్చినదా, లేక ఇదివరకే అక్కడ నున్న ఉపన్యాసకునికి తోడు మరియొక ఉపన్యాసకుడై వచ్చినదా అనునదే నాకు అడుగదగిన ప్రశ్నగా తోచినది.

మన ప్రభుత్వములు బడిలోనికి యంత్రమును తెచ్చినప్పుడెల్ల దానిచేత ఉపన్యాసమే చేయించినవి. 1975 ఆగస్టు 1న ఆరంభమైన ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగము, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహమును ఏడాదిపాటు ఎరువు తెచ్చుకొని, ఆరు రాష్ట్రములలోని 2,400 పల్లెలకు బొమ్మలను పంపినది; మెదకు, మహబూబ్‌నగరు, కర్నూలు జిల్లాల పల్లెలు కూడ వానిలో నుండినవి. ఉదయపు ప్రసారమున తెలుగు పిల్లల వంతుకు వచ్చినది 22.5 నిమిషములు. పిల్లలు ఊరుమ్మడి టీవీ ముందు కూర్చుండి ఆ నిమిషములు చూచి లేచిపోయిరి. పెట్టెను ప్రశ్న అడుగుటకు వీలులేదు, అడిగినను మరల చెప్పు విద్య పెట్టెకు రాదు. 1976 జూలై 31తో గడువు తీరినది, ఉపగ్రహము తనవారి పనులకు తాను పోయినది. కరోనా కాలమున, 2020 సెప్టెంబరు 1 నుండి, తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి ద్వారాను టీ-శాట్ ద్వారాను పాఠములు చెప్పించినప్పుడు యంత్రము మారినది గాని అమరిక మారలేదు: ఆవల ఒకరు చెప్పుట, ఈవల లక్షలమంది తల యూపుట. ఆ విపత్తులో అంతకంటె చేయదగినది లేకుండెను గనుక దానిని నేను నిందింపను.

ఈ పరంపరలో ఆకాశ్ అను ట్యాబు కథ మా నగరమునకు సంబంధించినది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో నాటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ లోకమునకు చూపిన ఆ వస్తువు డేటావిండ్ అను సంస్థది. దాని భాగములను కూర్చినది మాత్రము హైదరాబాదులోనే. ప్రభుత్వమునకు పడిన వెల ఒక్కొక్కదానికి సుమారు 2,276 రూపాయలు. ఏడంగుళముల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 మెగాబైట్ల ర్యామ్. ప్రపంచములోనెల్ల చౌకయైన ట్యాబు అను బిరుదము దానికంటె ముందే బయలుదేరి ఊళ్లు తిరిగినది. వ్రేలితో ఎంత నొక్కినను ఆలోచించి గాని పలుకదను అపఖ్యాతి దాని వెంటనే వచ్చి చేరినది. అది కళాశాల విద్యార్థుల కొరకు ఉద్దేశింపబడినదే గాని బడిపిల్లల కొరకు కాదు. ఆ దినములలో స్టాఫ్‌రూమున మేము చేసిన చర్చ యంతయు అది ఎంతకు వచ్చునను దానిమీదనే నడచినది. దానిలో ఏముండవలెనను మాట ఒక్క మధ్యాహ్నమైనను వచ్చినట్లు నాకు జ్ఞప్తి లేదు.

ఆంధ్రప్రదేశమున జరిగినది అంతకు ఎన్నోరెట్లు పెద్ద వ్యవహారము. 2022 డిసెంబరు 21న, నాటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి జన్మదినమున, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆరంభించి, ఎనిమిదవ తరగతి విద్యార్థులు 4,59,564 మందికిని ఉపాధ్యాయులు 59,176 మందికిని కలిపి 5,18,740 ట్యాబులు పంచిరి. వెల 686 కోట్ల రూపాయలని చెప్పిరి. మరుసటి యేడు అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో మొదలిడి మరి 4,34,185 మంది విద్యార్థులకు ఇచ్చిరి. లోపల బైజూస్ సంస్థవారి పాఠములను, ఇంటర్నెట్ లేకున్నను తెరచుకొనునట్లు, ముందుగానే నింపియుంచిరి. చెడిపోయినచో ప్రధానోపాధ్యాయునికో గ్రామసచివాలయమునకో అప్పగింపవలెననియు, వారములో బాగుచేసియో మార్చియో ఇత్తురనియు ఏర్పాటు. ఆ ఏర్పాటు చేసినవానిని మెచ్చుకొనక తప్పదు, ఏలయన ప్రభుత్వము ఇచ్చిన వస్తువు చెడిపోవునని ప్రభుత్వమే ముందుగా తలచుట మన దేశమున అపురూపము. దీనిని విద్యావిప్లవమని కీర్తించినవారు కలరు, జన్మదినపు తాయిలమని వెక్కిరించినవారు కలరు. 2024 జూన్‌లో ప్రభుత్వము మారినది. ఆ మరునెలలోనే బైజూస్ సంస్థయు దివాలా విచారణకు లోనైనది. వాదములు మాత్రము సాగుచునే యుండెను. ట్యాబు పుచ్చుకొన్న బిడ్డ దానితో రాత్రివేళ ఏమి చేసినదో విచారించినవారు తక్కువ.

నాకు విచారించు అవకాశము దొరికినది. బాపట్ల ప్రాంతమున జిల్లాపరిషత్ ఉన్నతపాఠశాలలో చదువుకొనుచున్న మా తమ్ముని మనుమరాలు ఒక వేసవిలో మా ఇంటికి వచ్చి, బట్టల సంచిలో ట్యాబును కూడ తువాలులో చుట్టి తెచ్చినది. బడిలో దీనితో ఏమి చేయుదురని అడిగితిని.

"వీడియో పెట్టమంటారు తాతయ్యా. అందరం ఒకేసారి నొక్కుతాం. ఒకళ్లది ముందు పోతుంది, ఒకళ్లది వెనక. గదంతా ఒకటే గోల."

"మరి ఇంటి దగ్గర?"

"అమ్మ పడుకున్నాక లెక్కలు చేస్తా. తప్పయితే ఎర్రగా వస్తుంది. మళ్లీ చేస్తా. ఎన్నిసార్లు తప్పయినా అది ఏమీ అనదు. బడిలో రెండోసారి అడిగితే 'మొన్నేగా చెప్పింది' అంటారు."

ఆ "మొన్నేగా చెప్పింది" అను మాట ఉపాధ్యాయవృత్తికి చాక్‌పీసు ఎంత సహజమో అంత సహజము. అందులో క్రౌర్యము లేదు. అలసట మాత్రమే కలదు. అయినను ఆ మాట వినినవారు మూడవసారి అడుగరు. ఆ బిడ్డ చెప్పినదానిని బట్టి చూడగా, పగటిపూట గదిలో ట్యాబు ఉపన్యాసకుడుగా పనిచేసినది, అదియు నలుబది గొంతులతో ఒకేసారి మాటలాడు ఉపన్యాసకుడుగా. రాత్రివేళ అమ్మ నిద్రించిన తరువాత, పైనున్నవారెవ్వరును తలపెట్టని విధమున, పలకగా మారినది. వీడియోను ఆమె మెచ్చుకొనలేదు, తిట్టనులేదు. దానిని దాటి దిగువనున్న ప్రశ్నల వద్దకు పోయినది. లక్షల ట్యాబులతో చేరవచ్చిన మేలు ఆ ప్రశ్నల వద్దనే కలదని నాకు ఆనాడు తోచినది.

అయితే కథ అంత సుఖముగా ముగియలేదు. ఆమె చేయుచున్న లెక్కను చూచి, నా వృత్తిధర్మము ఊరకుండనీయక, ఒక భిన్నముల కూడిక అడిగితిని. ఆమె తప్పు చేసినది; నేను ఎరిగిన తప్పే, లవమును లవముతో, హారమును హారముతో. దీనిని ట్యాబులో మొదటినుండి నేర్చుకొనరాదా అంటిని. "ఇందులో కింది క్లాసువి లేవు తాతయ్యా. ఎనిమిది నుంచే" అన్నది. నేను కన్నులద్దములు సవరించుకొని వెదకితిని, లేవు. ముందున్న తరగతులకు త్రోవ కలదు, వెనుకకు లేదు. చివరకు క్యాలెండరు కాగితము వెనుక పెన్సిలుతో చేయించితిని. చేయుచున్నంతసేపును మా మనుమడు గుమ్మమువైపు వచ్చునేమోనని రెండు మూడు మారులు తలయెత్తి చూచినది. వాడు ఆమెకంటె రెండేండ్లు చిన్నవాడు. నేను లవము, హారము అనగా ఆమెకు తెలియలేదు. ఆమె న్యూమరేటర్, డినామినేటర్ అన్నది. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ముద్రించిన పుస్తకముతో చదివిన తరము గనుక ఏ పుట ఎంతవరకు ఎక్కినదో చెప్పుట కష్టము.

భాష మాట వచ్చినది గనుక ఒక్క సంగతి. మా నారాయణగూడలోనే 1928లో మాడపాటి హనుమంతరావు గారు మొదలైన పెద్దలు ఆడపిల్లలకు తెలుగులో హైస్కూలు చదువు చెప్పుటకు పాఠశాల పెట్టినప్పుడు, ఉర్దూ రాజ్యమేలుచున్న నగరమున దానికి ఇక్కడి విశ్వవిద్యాలయపు ఆదరము లేక, కార్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయమును ఆశ్రయింపవలసి వచ్చినది. పరీక్ష ఎక్కడనో దూరదేశమున నున్నను సరే, పాఠము మాత్రము పిల్ల నోట తడుముకొనకుండ వచ్చు మాటలో నుండవలెనని వారు పట్టుబట్టిరి. తప్పు చేయుటకు కూడ కొంత భాష కావలెను. రాని భాషలో మనిషి తప్పు సైతము చేయలేడు, మౌనము వహించును.

వెనుకకు పోయి నేర్చుకొనుట అను పనికి ట్యాబు రాకముందు త్రోవ వేసినవారు లేకపోలేదు. మా విద్యానగరులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేర నున్న ఆసుపత్రి మీదుగా నిత్యము వేలమంది పోవుచుందురు. రోగమునకు తప్ప ఆ పేరు వారికి జ్ఞాపకమునకు రాదు. ఆమె మదరాసులో బాలికలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు సిద్ధము చేయుటతో ఆరంభించిన పనియే ఆంధ్ర మహిళాసభగా పెరిగినది. తరువాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు అధ్యక్షురాలై యున్నప్పుడు, 1958లో, వయసు మీరిన స్త్రీలకొరకు సంగ్రహ విద్యాకోర్సులను ప్రవేశపెట్టించినది. ఇరువదియైదేండ్ల స్త్రీని, అందునను విధవనో పరిత్యక్తనో, ఐదవ తరగతి బల్లమీద పదేండ్ల పిల్లల ప్రక్కన కూర్చుండబెట్టినచో ఆమె చదువదు, చచ్చిపోవును. ఆమెకు వేరుగా ఒక గది, తనవంటివారి సాంగత్యము, రెండు మూడేండ్లలో ముగియు పాఠక్రమము కావలెను. ఆ కోర్సులు నేర్పినది లెక్కలు, చరిత్రయే అయినను, అవి అన్నిటికంటె ముందుగా ఇచ్చినది దిగువ తరగతి పాఠమును తలవంపు లేకుండ చదువుకొను చోటు.

పిల్లలు ఎంత వెనుకబడియున్నారో కొలిచినవారున్నారు. కార్తిక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అను కంప్యూటరు శిక్షణను పరిశీలించి 2019లో ప్రకటించిన పరిశోధనలో, ఆరవ తరగతి సగటు విద్యార్థి గణితమున తన తరగతికి రెండున్నర తరగతులు దిగువన నుండెనని తేలినది. ఆ శిక్షణలో యంత్రము మొదట బిడ్డను పరీక్షించి, అతడు నిలిచియున్న మెట్టును కనుగొని, అక్కడినుండి పని మొదలుపెట్టును; ఆరవ తరగతివానికి మూడవ తరగతి లెక్క ఇచ్చుచున్న సంగతి ప్రక్కవానికి తెలియదు. నాలుగున్నర నెలలలో గణితమున కనబడిన వృద్ధి, సంఖ్యాశాస్త్రజ్ఞుల పరిభాషను విడిచి చెప్పినచో, నూరుమందిలో సరిగా నడుమ నిలిచిన పిల్లవాడు మరి పదునలుగురిని దాటిపోయినంత. అక్కడ పిల్లలకు తోడుగా ఒక సహాయకుడు కూడ కూర్చుండెడివాడని మరువరాదు. యంత్రము ఒంటరిగా చేసిన పని కాదది. పెరూ దేశమున ఇట్టి మెట్టు వెదకుట ఏదియు లేకయే పిల్లలకు ల్యాప్‌టాపులు పంచి, 2012లో ఫలితము లెక్కచూచినప్పుడు, గణితమునందును భాషయందును పెరుగుదల కానరాలేదు. ఆంధ్రప్రదేశములోనే, ఈ పెద్ద పంపకమునకు ప్రక్కగా, కొన్ని ప్రభుత్వ పాఠశాలలలో మెట్టు వెదకి నేర్పు పద్ధతిని బడి గదిలోనే ఉంచిన ట్యాబులమీద నడిపిరి. దానికి సభలు లేవు, కటౌట్లు లేవు గనుక పత్రికలలో దాని ఊసు అంతగా వినబడలేదు.

దిగువ తరగతి పాఠమును తలవంపు లేకుండ నేర్చుకొను ఈ ఏకాంతమును తమంతట తాము సంపాదించుకొన్నవారిని చూడవలెనన్నచో నాకు దూరము పోనక్కరలేదు. సాయంకాలమున బాగ్‌లింగంపల్లి మీదుగా నడచి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకు పోవుదును. లోపలి బల్లలు చాలక, ఆవరణలో చెట్లక్రింద కుర్చీలు వేసికొని, ఒడిలో అట్టపలక పెట్టుకొని చదువుకొను యువతీయువకులు వందలకొలది. గ్రూప్స్ అనియు, ఎస్సై అనియు, టీచరు పోస్టులనియు జిల్లాలనుండి వచ్చి అశోక్‌నగరు హాస్టళ్లలో తలదాచుకొన్నవారు. వారిలో పలువురు చదువుచున్నది ఏమని వంగి చూచితిని: ఆరునుండి పది వరకు తరగతుల పాఠ్యపుస్తకములు, తెలుగు అకాడమీ పుస్తకములు. డిగ్రీలు పుచ్చుకొన్నవారు, కొందరు పెండ్లియై పిల్లలున్నవారు, ఏడవ తరగతి శాతములను, నిష్పత్తులను, కాలము పని లెక్కలను తిరిగి నేర్చుకొనుచున్నారు. ఆనాడు తల యూపి దాటవేసిన పాఠమును ఇప్పుడు ఉద్యోగముకొరకు ఋణము తీర్చినట్లు తీర్చుచున్నారు.

వారి చేతులలో ఫోనులు, ట్యాబులు. కోచింగు సారు వీడియోలో మాటలాడుచుండును, చెవిలో ఇయర్‌ఫోను, తెలిసిన భాగము వచ్చినప్పుడు ఒకటిన్నర రెట్లు వేగముతో పరుగెత్తించుట, తెలియని భాగమున ఆపుట, పది క్షణములు వెనుకకు లాగుట, మరల వినుట, మరల ఆపుట. సజీవుడైన గురువును ఇట్లు ఆపి వెనుకకు లాగగల శిష్యుడు నా ఉద్యోగకాలమున నాకొక్కడును తారసపడలేదు. అంతయు విన్న తరువాత వారు చేయు పని నాకు మరింత ముచ్చట గొలుపును: తెరను బోర్లించి, లాంగు నోట్‌బుక్కు తెరచి, విన్నదానిని చేతితో వ్రాయుదురు. ప్రక్క వీథిలోని జిరాక్సు దుకాణములలో పీడీఎఫ్‌లు కాగితములై, స్పైరల్ బైండింగులై రాత్రి పొద్దుపోవువరకు అమ్ముడగుచుండును. ట్యాబు వచ్చినచో పుస్తకము పోవునని పండితులు భయపడిరి. అశోక్‌నగరు జిరాక్సు యజమానికి అట్టి భయము ఉన్నట్లు కనబడదు. వారికి ఎవ్వరును చెప్పకయే ఏది తెరమీద చూడదగినదో, ఏది వ్రేళ్లకు నేర్పవలసినదో విభజన తెలిసిపోయినది. పదమూడేండ్ల పిల్లకు ఆ విభజన తెలియదు గదా, తెలియజెప్పు మనిషి కావలెను గదా అందురేమో. నిజమే, పగటిపూట గదిలో ఉపాధ్యాయునికి మిగిలియున్న పనులలో అది ఒకటి.

ఇక నన్ను కలవరపెట్టు సంగతి ఒకటి కలదు. పలక తుడిచివేసినచో తుడుచుకొనిపోయెడిది. ట్యాబు తుడుచుకొనిపోవునా? ఎర్రగా చూపి మరల అవకాశమిచ్చు ఆ యంత్రమే, ఏ బిడ్డ ఏ లెక్కను ఎన్నిమారులు తప్పినది, ఎంతసేపు ఆలోచించినది, ఏ రాత్రి ఎన్ని గంటలకు మూసివేసినది అను సమస్తమును వ్రాసియుంచగలదు. ఇంటర్నెట్ తగిలిన క్షణమున దానిని ఎక్కడికైనను పంపగలదు. ఉపాధ్యాయునికి ఆ చిట్టాలో కొంత అవసరము: తరగతిలో ఇరువదిమంది ఒకే లెక్కను తప్పినచో ఆ తప్పు పిల్లలది కాదు, పాఠముది, అది తెలిసినచో మరునాడు మరొక విధమున చెప్పవచ్చును. కాని ఆ చిట్టా అంతటితో ఆగునా? మండలాధికారి తెరకు, జిల్లాధికారి తెరకు, రాజధానిలో ఎవరి గోడమీదనో వెలుగు పెద్ద తెరకు ఎగబ్రాకి, బడులను వరుస పెట్టుటకు, ఉపాధ్యాయులకు సంజాయిషీ నోటీసులు పంపుటకు పనికివచ్చినచో, ఆ బిడ్డ రాత్రి ఏకాంతమున చేసిన తప్పు నలుబదిమంది యెదుట చేసిన తప్పుకంటె పెద్ద బహిరంగ ప్రదర్శనమగును. తేడా యొక్కటే, ఈసారి నవ్వినవారెవ్వరో ఆమెకు తెలియదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి వెంట నీడవలె తిరిగి నిఘా పెట్టరాదని నిషేధించినది. ఆ వెనుక వచ్చిన నియమములు విద్యాసంస్థలకు, విద్యాకార్యకలాపముల మేరకు, మినహాయింపు నిచ్చినవి. ఆ మేర ఎంతవరకో నిర్ణయించువారు పిల్లలు కారు.

ఈ ఆలోచనలన్నియు నాతో చిరకాలము పనిచేసి, ఇప్పుడొక చిన్న బడికి ప్రధానోపాధ్యాయుడుగా నున్న మిత్రునితో నారాయణగూడ చౌరస్తా దగ్గర చాయ్ త్రాగుచు చెప్పితిని. ప్రభుత్వము ఈ పర్యాయము ట్యాబులు ఇచ్చినచో, బిడ్డకొకటి వద్దు, తరగతికి ఆరు చాలును; అవి బడిలోనే ఉండి, చివరి పీరియడులో కావలసినవారు తీసికొనుటకు వీలుండవలెను; వీడియోలు సగము తీసివేసి, మూడవ తరగతినుండి పదవ తరగతి వరకు లెక్కలన్నియు ఉంచవలెను, ఏ తరగతివారు ఏ తరగతి లెక్క చేయుచున్నారో తెర అంచుమీద ఎక్కడను వ్రాయరాదు; ఏ లెక్క ఎందరు తప్పిరో ఉపాధ్యాయునికి చూపవలెను గాని ఎవరు తప్పిరో చూపనక్కరలేదు; నెల చివర చిట్టా యంతయు చెరిపివేయవలెను అంటిని. ఆయన శ్రద్ధగా వినెను. సాసరులో మిగిలిన చాయ్ ముగించి, జేబులోనుండి ఫోను తీసి, మధ్యాహ్నభోజనపు హాజరు యాప్‌లో ఎక్కినదో లేదో చూచుకొని, మరల లోపల పెట్టెను.

"అన్నీ మంచిగనే చెప్పిన్రు సార్. గని ఆరు ట్యాబులంటే టెండర్‌కు ఎవడొస్తడు?"